షట్టరుకు ఇవతల

మా బ్యాంకు నాకిచ్చిన షీల్డు బీరువాలో చీరల కింద బోర్లా పెట్టి ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్ళు చూసి "దేనికిచ్చారు?" అని అడుగుతారేమోనని భయం. పనమ్మాయి ఒకసారి దాన్ని తుడిచి ముచ్చటపడి టీవీ పక్కన పెట్టింది. పాపం, ఆ పిల్ల మీద అనవసరంగా అరిచాను.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న సహకార బ్యాంకు. ఖాతాదారుల్లో ఎక్కువమంది నల్లగొండ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, పోచంపల్లి చీరల కొట్లవాళ్ళు. ఏటా ఎండాకాలం బ్యాంకు మెట్ల పక్కన చలివేంద్రం పెట్టేవాళ్ళం. తాటాకు పందిరి, కింద పోసిన ఇసుకలో మూడు కుండలు, పందిరి గుంజకు పొడుగాటి గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు. గొలుసు ఎందుకండీ అంటే మేనేజరు గారు "సేవ సేవే, గ్లాసు గ్లాసే" అన్నారు. ఉద్యోగులు వంతులవారీగా నీళ్ళు పోసి రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఎండలో నిలబడటం ఎవరికి సరదా? అందరి వంతులూ మెల్లగా నా నెత్తికి చుట్టుకున్నాయి. నిజం చెప్పాలంటే నాకూ బాగానే ఉండేది. కౌంటర్లో కూర్చుంటే "మీది గుంటూరా మేడం?" అనేవాళ్ళు. దాహంతో వచ్చినవాడు ఎవరి ఊరూ అడగడు.

ఆ ఏడు తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది. మా అక్క ఊరి నుంచి రోజూ ఫోన్ చేసి ఒకటే పాట. "బయట నోరు విప్పకే. నీ యాస వింటే పట్టేస్తారు." నన్నెవరూ పట్టలేదు, పల్లెత్తు మాట అనలేదు. మా ఇంటి ఓనరమ్మ అయితే ప్రతి బంద్ ముందురోజూ నాకు కూడా కూరగాయలు తెచ్చి పెట్టేది. అయినా అక్క మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉండేది.

ఒక బంద్ రోజున బస్సుల్లేక ఎవరూ రాలేకపోయారు. నేను గడ్డిఅన్నారంలో కిరాయికి ఉండేదాన్ని కాబట్టి నడిచి వచ్చాను. బాలాపూర్ నుంచి అటెండరు సైకిల్ మీద వచ్చాడు. కుండలు లోపల పెట్టేద్దామన్నాను.

"ఎందుకు మేడం? తాగే నీళ్ళను ఎవరు పలగ్గొడ్తరు?" అన్నాడు.

నేను వినలేదు. మూడూ మోయించాను. తర్వాత అతను ర్యాలీలో కలిసొస్తానని షట్టరు దించి వెళ్ళాడు. "తాళం ఎయ్యలే మేడం. గాలాడకుంటే జర లేపుకోండ్రి" అని మరీ చెప్పాడు.

మిట్టమధ్యాహ్నం షట్టరు మీద గ్లాసుతో ఎవరో కొట్టారు.

"లోపల ఎవరన్న ఉన్నరా? జర గిన్ని మంచినీళ్ళు పొయ్యుండ్రి బిడ్డా."

ఒక ముసలామె గొంతు. కుండలు నా కుర్చీకి మూడడుగుల దూరంలో ఉన్నాయి. "వస్తున్నానమ్మా" అంటే చాలు. ఆ ఒక్క ముక్కలోనే నా ఊరు బయటపడుతుందనిపించింది. ఆమె వెనక ఇంకా ఎవరున్నారో అనిపించింది. చప్పుడు బయటికి వినపడుతుందేమోనని ఫ్యాను కూడా కట్టేశాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

"నాకు గాదు బిడ్డా..." అని ఇంకేదో అంది. మళ్ళీ గ్లాసు చప్పుడు. కాసేపు ఇసుకలో ఏదో గీకుతున్నట్టు వినపడింది. ఆ తర్వాత ఏమీ లేదు.

నాలుగింటికి అటెండరు వచ్చి షట్టరు లేపాడు. ఇసుక ఇంకా తడిగానే ఉంది. నడిమి కుండ ఉండే చోట గుంట, గుంట అంచున నాలుగు వేళ్ళ గుర్తులు. "కుక్క తవ్వినట్టుంది మేడం" అన్నాడు. అవునన్నాను. కుండలు మళ్ళీ బయట పెట్టించి, ఆ రోజు వంతుకు కూడా రిజిస్టరులో సంతకం పెట్టాను.

అప్పట్నుంచి స్టీలు గ్లాసు ఎక్కడ మోగినా ఉలిక్కిపడేదాన్ని. ఇంట్లో ప్లాస్టిక్ గ్లాసులు కొన్నాను. తనకు కాదంది. మరి ఎవరికి? బస్టాపులో ముసలమ్మల వెనక నిలబడి వాళ్ళ గొంతులు వినేదాన్ని.

వానాకాలంలో ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో బ్యాంకు వార్షికోత్సవం జరిగింది. ఉత్తమ సేవా ఉద్యోగిని నేనట. "ఎండాకాలమంతా ఒక్కరోజైనా తప్పకుండా దాహం తీర్చినందుకు" అని ఛైర్మన్ గారు చదివారు. షీల్డు మీదా అదే చెక్కించారు. రెండు మాటలు చెప్పమని మైకు ఇస్తే "ధన్యవాదాలండీ" అన్నాను. ఆ అండీకి హాలంతా ఆప్యాయంగా నవ్వింది. అటెండరు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. నా యాస వాళ్ళందరికీ ఎప్పుడో తెలుసు.

మరుసటి వేసవి, పందిరి వేసిన వారంలోనే ఒక అవ్వ వచ్చింది.

"జర గిన్ని మంచినీళ్ళు పొయ్యి బిడ్డా."

అదే గొంతు. సగం నీళ్ళు గ్లాసు బయటే పోశాను. ఆమె తాగి, మెట్టు మీద కూర్చుని, అడక్కుండానే చెప్పుకొచ్చింది.

"పోయినేడు బంద్ నాడు గూడ ఒచ్చిన. మా ముసలాయనకు పాణం బాగలేదు. అల్మాస్‌గూడ కెల్లి దవాఖానకు తీస్కొస్తుంటే ఆటో ఆయన సగం తొవ్వల దింపిండు. నడిచినం. గా మూల మీద కూలవడ్డడు. గీడ నీళ్ళుంటయని ఉరికొస్తే ఎవరు లేరు. గీ ఇసుక సల్లగుండె. కొంగుల మూటగట్టుకపోయి నెత్తి మీద పెట్టిన. జర కండ్లు తెరిసిండు, నా దిక్కు జూసిండు. గంతే."

నేను కుండ అంచు పట్టుకుని నిలబడ్డాను.

"మీ పుణ్యం, గా ఇసుకన్న దొరికింది. నువ్వుంటే పొయ్యకపోదువా బిడ్డా."

"ఆ రోజు నేను రాలేదు అవ్వా" అన్నాను.

ఆ వేసవంతా ఆమె రోజూ వచ్చింది. తాగగా మిగిలిన నీళ్ళు నడిమి కుండ మొదట్లో ఇసుక మీద పోసి "ఆయనకు" అనేది. చెప్పేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఆమె అడిగేది, నేను పోసేదాన్ని. నోరు మాత్రం విప్పలేదు.