తొంభయ్యో బుకింగు

మెయిల్ సర్వర్ మార్చినప్పుడు మా ఫిల్మ్‌నగర్ ఆఫీసు ఉమ్మడి క్యాలెండర్‌లో డబ్బింగ్ గదివి నలభై, ఎడిటింగ్ గదివి ముప్పై ఒకటి, కార్లవి పద్దెనిమిది, కథలు వినే గదిది ఒకటి, మొత్తం తొంభై బుకింగులు పోయాయి. ఎనభై తొమ్మిదింటిని ఎవరివి వాళ్లు మళ్లీ పెట్టుకున్నారు. తొంభయ్యోది యూసుఫ్‌గూడ కో-డైరెక్టర్‌ది. నిర్మాతకు కథ చెప్పడానికి ఏడాది తిరిగితే దొరికిన గంట అది. ఆఫీసు మెయిల్ లేని ఆయనకు అది పోయిన సంగతే తెలియదు.

గది ఖాళీగా ఉన్నా ఆయన తలుపు తట్టే లోపలికి వెళ్లేవాడు. ఆ రోజూ తట్టాడు. క్యాలెండర్‌లో ఏమీ కనిపించక నిర్మాత అప్పటికే ఊరెళ్లిపోయాడు. క్యాలెండర్ చూసే నేనే ఆయనకు జరిగింది చెప్పాను.

“మీ కంప్యూటర్ నా కథ ముందే ఇన్నట్టుంది తమ్మీ, గందుకే సోయి తప్పింది!” అని కో-డైరెక్టర్ నవ్వాడు. “జర మళ్ల రాయి.”

తర్వాతి గురువారానికి రాశాను. బుధవారం ఆయన గుండె ఆగిపోయింది.

ఆ గురువారం ఆ గదిని ఎవరికీ ఇవ్వలేదు. ఎలా లెక్క వేసినా ఆయనకు మేం ఇంకా ఒక గంట బాకీ.