విత్తనాల గదిలో ఊపిరి

విత్తనానికి కాయలు ఒలుస్తున్న రోజది. పావగడ తాలూకాలో, అరసికెరె దగ్గర మా పల్లెలో వానలకు ముందు ప్రతి ఇంటి ముందూ అదే పని. మెషిన్‌లో వేస్తే గింజ చిట్లుతుంది, చిట్లిన గింజ మొలవదు. అందుకే విత్తనపు వేరుశనగను చేత్తోనే ఒలవాలి. నేనూ మా అత్తా, ఇంకా ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ కుప్ప చుట్టూ కూర్చున్నాం. ఉన్నట్టుండి నా ఛాతీ బిగుసుకుపోయింది. గాలి లోపలికి పోతోంది గాని బయటికి రావడం లేదు. గొంతులోంచి సన్నగా కూత మొదలైంది.

"ఏమ్మే, గొంతులోకి పిల్లి దూరినాదా?" అని పక్కింటి గంగమ్మ నవ్వింది. నేనూ నవ్వబోయాను. నవ్వడానికి కూడా గాలి కావాలని నాకు ఆ రోజే తెలిసింది.

దుమ్ము పడలేదనుకుని మిరియాల కషాయం తాగుతూ చాలాకాలం ఈడ్చుకొచ్చాను. దగ్గు తగ్గకపోయేసరికి ఊళ్ళో టీబీ అనే మాట పుట్టింది. పరీక్ష చేయకముందే నా కంచం, నా చెంబు వేరైపోయాయి. మా అత్తే వాటిని తీసి గూట్లో విడిగా పెట్టింది. నా కూతుర్ని నా పక్కలోంచి తీసుకుపోయి తన దగ్గర పడుకోబెట్టుకుంది. చచ్చిపోతానేమో అన్న భయం కంటే అదే నన్ను ఎక్కువ ఏడిపించింది.

చివరికి మా ఆయన పావగడ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్ష చేశారు.

"టీబీ కాదమ్మా, ఆస్తమా" అన్నాడు డాక్టరు. "పూర్తిగా పోయే జబ్బు కాదు, కంట్రోల్‌లో పెట్టుకోవాల. అటాక్ వచ్చినప్పుడు భయంతో ఇంకా బిగుసుకుపోతారు. మందు నేనిస్తా. ఆ భయం తగ్గేదానికి నిదానంగా ఊపిరి వదలడం నేర్చుకోండి. వై.ఎన్.హొసకోటలో ఒక మేష్ట్రు యోగా చెప్తాడు, పోండి."

ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో చూపించి పంపాడు. ఇంటికి రాగానే నా కంచం మళ్ళీ అందరి కంచాల్లో కలిసింది, కూతురు నా పక్కలోకి వచ్చింది. ఆ మాత్రానికే నాకు సగం ప్రాణం తిరిగొచ్చింది.

ఆ మేష్ట్రు బడిలో పనిచేసి రిటైరైన పెద్దాయన. హొసకోట హైస్కూలు ఆవరణలో ఆదివారాలు నేర్పేవాడు. నేను బస్సులో పోయి కొంగు నడుముకు చుట్టుకుని వెనక వరసలో కూర్చునేదాన్ని.

"పీల్చేదానికి ఆత్రపడొద్దమ్మా, వదిలేదానికి టైమియ్యి" అనేవాడు. "ఊపిరి మీద కోప్పడితే అది మాట వినదు." చివర్లో కళ్ళు మూసుకోమని, "ముందు నీ మీద నువ్వు దయ తలచు, ఆమైన ఇంట్లోవాళ్ళ మీద" అనేవాడు. నాకు లోలోపల నవ్వొచ్చేది. కోడలు తన మీద తాను దయ తలచుకోవడం మా వైపు ఎవరూ వినలేదు.

నేర్చుకున్నది ఇంట్లో చేయబోతే మా అత్త గుండెలు బాదుకుంది. శవాసనంలో ఉన్న నన్ను చూసి, "బతికుండే మనిషి పీనుగ మాదిరి పండుకునేదేందే? నా ఇంట్లో వద్దంటే వద్దు!" అని అరిచింది. కూర్చుని కళ్ళు మూసుకున్నా ఊరుకోలేదు. "పొద్దున్నే ముక్కు మూసుకోని కూసుంటే కసువు ఎవురు ఊడుస్తారు?"

మా ఇంట్లో తలుపున్న గది ఒకటే, విత్తనాల గది. వచ్చే ఏటికి దాచిన కాయల మూటలు పైకప్పు దాకా ఉండేవి. పురుగు పట్టకుండా వాటి మీద తెల్లపొడి చల్లేవాళ్ళం. ఎలుకలు రాకుండా కిటికీకి గోనెపట్టా కుక్కేవాళ్ళం. రోజూ పొద్దున్నే అందులోకి దూరి తలుపు వేసుకునేదాన్ని. ఎవరూ పిలవరు, ఎవరూ చూడరు. పెళ్ళయ్యాక నాకంటూ దొరికిన మొదటి చోటు అది. ఆ సంతోషంలో లోపల ఉన్న గాలినంతా గుండె నిండా పీల్చాను.

నాలో కూతలు తగ్గలేదు, ఎక్కువయ్యాయి. ఇన్‌హేలర్ తొందరగా అయిపోయేది. సరిగ్గా చేయడం లేదేమోనని ఇంకా ఎక్కువసేపు కూర్చున్నాను. ఒకరోజు తలుపు తీయబోయి గడప మీదే పడిపోయాను. పెదాలు నీలంగా మారిపోయాయట. జీపులో పావగడకు తీసుకుపోయారు. ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేశారు. మాట వచ్చాక డాక్టరు అడిగాడు, "యాడ కూర్చోని చేస్తావమ్మా?"

చెప్పాను. "అయ్యో తల్లీ, పురుగుల మందులో కూర్చోని ప్రాణాయామమా?" అని మా ఆయన వైపు తిరిగాడు. "మూటలన్నా అక్కణ్ణుంచి తీయండి, ఈమెనన్నా తీయండి."

మూటలు తీసే మాట ఇంట్లో ఎత్తగానే మా అత్త అడ్డం తిరిగింది. "బయటేస్తే ఎలకలు మిగలనిస్తాయా? వాన పడిన పొద్దు ఏం ఇత్తుతావురా, మన్నా?" అని కొడుకును నిలదీసింది. ఆమె అన్నది తప్పని నేననలేను. అంతకుముందు కరువు సంవత్సరాల్లో విత్తనం పోగొట్టుకున్నవాళ్ళ గతి అందరం చూశాం. కానీ నాకూ మొండితనం వచ్చింది.

"అట్లయితే నేను తిన్నె మీద కూసుంటా అత్తా. చూసేవాళ్ళు చూడనీ" అన్నాను.

వీధి వైపు తిన్నె మీద అందరి ఎదుటా కళ్ళు మూసుకున్నాను. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. "సన్న్యాసం పుచ్చుకుంటాదేమో" అని నీళ్ళకు పోయేవాళ్ళు నవ్వుకున్నారు. అప్పటిదాకా విత్తనాల గది గడప ముందు కాపలాగా పడుకునేది నేనే. ఆ రాత్రి మా అత్త నా చాప చుట్టి బయట పెట్టి, తన చాప అక్కడ పరుచుకుంది. "ఆ మందు గాలికి నాకేమైతాది, ముసలిదాన్ని" అంది.

తర్వాత వానలు మొహం చాటేశాయి. విత్తితే మొలకలు మాడిపోయాయి. మళ్ళీ విత్తాం, మళ్ళీ మాడిపోయాయి. మిగిలిన మూటలు నూనె మిల్లుకు పోయాయి. మా ఆయన బెంగళూరుకు ఇళ్ళు కట్టే పనికి పోయాడు. గది ఖాళీ అయింది. ఆ ఏడాది నాకు ఒక్క అటాక్ కూడా రాలేదు.

"చూశారా, ఎంత బాగుందో!" అని పావగడలో డాక్టరు సంబరపడ్డాడు. ఎందువల్ల బాగుందో ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు.

ఇంటికొస్తే మా అత్త ఆ గదిలో గోడకానుకుని కూర్చునుంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. "ఇత్తనం పోయినాక నీకు ఊపిరొచ్చె. సంతోషపడేదో ఏడ్చేదో తెలీకుండాది మే" అంది. పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నా మాదిరి నిదానంగా వదులత్తా" అన్నాను. నా వైపు చూసి ఒకసారి వదిలింది, ఇంకోసారి వదిలింది. మూడోసారికి ఏడ్చేసింది. ఆమె ఏడవడం నేనెన్నడూ చూడలేదు. మేష్ట్రు చెప్పిన దయ అప్పటికి గాని నాకు ఒంటబట్టలేదు.

ఇప్పుడు మా అత్త లేదు. నా ఆస్తమా ఉంది. చలి రోజుల్లో కూతలు వస్తాయి. ఇన్‌హేలర్ ఎప్పుడూ దగ్గరుంటుంది. ఈ జబ్బున్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. యోగా మందుకు తోడు గాని, మందుకు బదులు కాదు. కళ్ళు మూసుకునే ముందు ఏ గాలిలో కూర్చున్నారో బాగా చూసుకోండి. మంచి గాలి వచ్చే చోటు మీకు లేకపోతే ఇంట్లోవాళ్ళను అడిగి తీసుకోండి.

నేను ఇప్పటికీ తిన్నె మీదే కూర్చుంటాను. మా ఆయన ఊరికొచ్చినప్పుడల్లా అంటాడు, "గదిలో కూసోవచ్చు గదా, ఇప్పుడేముండాది ఆడ?"

నిజమే, ఏమీ లేదు. అందుకే అందులో కూర్చోబుద్ధి కాదు.