నార కట్టిన కళ్లద్దాలు

మా జగిత్యాల కంటి ఆసుపత్రికి గొల్లపల్లి నుంచి వచ్చిన ఆ గీత కార్మికుడు కళ్లద్దాలకు నార కట్టి, తల వెనక ముడివేసుకునేవాడు. లేకపోతే తాటిచెట్టు మీద వంగినప్పుడు అవి కల్లు లొట్టిలో పడతాయట.

అద్దాలు వదిలించుకోవాలని లేజర్ చికిత్సకు వచ్చాడు. అందులో రకాలు వివరించడం నా పని. కంటి పైపొర లేపి చేస్తే మర్నాటికే చూపు తేటపడుతుంది. లేపకుండా చేస్తే నాలుగు రోజులు మంట, చూపూ మెల్లగా వస్తుంది.

"జల్ది అయ్యేదే చెయ్యుండ్రి మేడం," అన్నాడు.

"మొహానికి మట్టలు తాకుతయా అన్నా?"

"దినాం తాకుతయి."

"గట్లయితే లేపిన పొర జరుగుతది."

నార ముడి తడుముకుంటూ ఆలోచించి, మంటకే ఒప్పుకున్నాడు. డాక్టరుగారూ అదే మేలన్నారు.

రెండు నెలలకు ఫోన్ చేశాడు.

"మేడం, చెట్టు మీదికెల్లి మాట్లాడుతున్న. అద్దాల నార లొట్టికి కట్టిన. మీ జగిత్యాల కనవడుతున్నది!"