అందరికీ ఒక్క ఫైలు

దేవునికి స్తోత్రం. మనుషుల చేతుల మీదుగా మనకు నేర్పే ఆయన కృపకు వందనాలు. ఈ మాట చెప్పాకే మిగతా ఏ సంగతైనా.

ఈ ఉదయం ఆఫీసు కిటికీ తెరవగానే మార్కెట్ యార్డు వైపు నుంచి ఎండుమిర్చి ఘాటు వచ్చింది. ఆగకుండా తుమ్ములు. బస్తాలు దిగే ఈ రోజుల్లో షాహీన్ మేడం తుమ్ముతూనే మాకు పని చెప్పేవారు. ఖమ్మంలో ఈ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసును నడిపింది ఆవిడే. ఊళ్లో తరతరాలుగా బట్టల వ్యాపారం చేసిన కుటుంబం వాళ్లది. ఇల్లందు నుంచి రోజూ బస్సులో వచ్చే నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది కూడా ఆవిడే.

మేము ఫోన్లలో నడిచే యాప్‌లు తయారుచేస్తాం. రాసిన కోడును యాప్‌గా కట్టడాన్ని బిల్డ్ అంటారు. అందులో ఏమేం కలపాలో, ఎంత పాత ఫోన్ వరకు అది పనిచేయాలో చెప్పే ఫైలు ఒకటి ఉంటుంది. నేను చేరేనాటికి ప్రతి ప్రాజెక్టుకూ వేరే ఫైలు ఉండేది, అదీ ఇంకో ప్రాజెక్టు నుంచి కాపీ కొట్టిందే. ఒకచోట దిద్దిన తప్పు ఇంకోచోట అలాగే మిగిలిపోయేది. మేడం ఆ ఫైళ్లన్నీ తీసేసి, అన్ని ప్రాజెక్టులూ వాడుకునేలా ఒకే ఉమ్మడి ఫైలు రాశారు. మా ప్రాణం కుదుటపడింది.

ఒక వానాకాలంలో దుకాణాల యాప్ ఒకదానికి కొత్త ఫోన్లు తప్పనిసరి అయ్యాయి. మేడం ఉమ్మడి ఫైలులో ఎంత పాత ఫోన్ వరకు అన్న ఒక్క వరుస మార్చారు. ములకలపల్లి వైపు అడవి ఊళ్ల నర్సులు వాడే మందుల యాప్ కూడా ఆ ఫైలు మీదే ఆధారపడి ఉందన్నది ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు. పాము కరిచిన మనిషికి విరుగుడు సూది ఏ దవాఖానాలో ఉందో వాళ్లు అందులోనే చూసుకుంటారు. ఆ మార్పు తర్వాత యాప్ తెరిస్తే అప్‌డేట్ చేయమంటుంది, ఆ అప్‌డేటేమో వాళ్ల పాత ఫోన్లలోకి ఎక్కదు. పాము కరిచిన ఒక రైతును సూది లేని దవాఖానాకు తీసుకెళ్లారు. అక్కణ్ణించి ఇంకోచోటికి మోసుకెళ్లేదాకా ప్రాణం నిలవడం దేవుని దయ.

కబురు తెలిసి ఆఫీసంతా ఆమె మీద పడింది. మాలో సీనియర్ శ్రీను నవ్వుతూనే పొడిచాడు. “ఒకనికి జొరమొస్తే అందరికీ సూదేసినట్లుంది మేడం మీ ఫైలు. ఎవలది వాళ్లకు ఇయ్యుండ్రి.” మేడం పాత వరుసను వెంటనే తిరిగి పెట్టించి, యాప్ మళ్లీ పంపించి, నన్ను తీసుకుని ములకలపల్లి బస్సెక్కారు.

అక్కడి నర్సు సమ్మక్క మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు. గీతలు పడ్డ తన ఫోన్ బల్ల మీద పెట్టింది. “మీకు గిది పాతది. మాకు గిదే ఉంది.” మేడం తప్పు తనదేనని చెప్పి, యాప్ తెరుచుకునేదాకా ఆమె పక్కనే నిలబడ్డారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో మేడం ఉన్నట్టుండి అడిగారు.

“రూత్, మీ చర్చిలల్ల ఆరాధన అన్ని ఊళ్లల్ల ఒక్కతీరే ఉంటదా?”

మా పాస్టర్ గారి కింద చాలా సంఘాలున్నాయని, ఆరాధన క్రమం అన్నిటికీ ఒకటేనని, అడవి ఊళ్లలో మాత్రం పాటలు కోయ భాషలో పాడతారని చెప్పాను.

“మరి ఏ పాట పాడాల్నో పాస్టర్ గారు ఇల్లందుల కూసొని చెప్తడా?”

“లేదు మేడం. పాట ఆ ఊరోళ్లదే.”

“అవ్. నేను పాట గూడ నేనే రాసి పంపిన.”

మర్నాడు శ్రీను ఎంత వాదించినా ఆవిడ ఉమ్మడి ఫైలును వదల్లేదు. ఎంత పాత ఫోన్ వరకు అన్న వరుసను మాత్రం అందులోంచి తీసేశారు. ఆ సంగతి ప్రతి ప్రాజెక్టూ తన ఫైలులో తానే చెప్పాలి, చెప్పకపోతే బిల్డ్ ఆగిపోతుంది. ఉమ్మడి ఫైలులో ఏది ముట్టుకున్నా అన్ని యాప్‌లూ కట్టి, ఒక్కోదాన్ని దాని కోసం పెట్టిన పాత ఫోన్‌లో నడిపి చూడాలి. ఆ పని ఆలస్యమని ఎందరు విసుక్కున్నా ఆవిడ మెత్తబడలేదు. మా విశ్వాసాలు వేరు. కానీ ఉమ్మడిగా ఉండాల్సింది ఏదో, ఎవరికి వారికి వదలాల్సింది ఏదో విడదీసి చూడడం నాకు ఆవిడ దగ్గరే అబ్బింది. ఇప్పుడు మా సంఘంలో యువజనుల కూటం నడిపేటప్పుడు కూడా ముందు ఆ రెండూ వేరుచేసుకుంటాను.

ఆవిడ జబ్బుచేసి పోయారు. పని నా చేతికి వచ్చింది. ఆఫీసులో కొత్తగా చేరిన భాగస్వామి పాత ఫోన్ల పరీక్షలు దండగ అంటున్నారు, అన్ని యాప్‌లకూ కొత్త ఫోన్లే అని ఉమ్మడి ఫైలులో రాసేయమంటున్నారు. ఈ మధ్యాహ్నం మీటింగు. కుదరదని చెప్పబోతున్నాను, ఉద్యోగం పోయినా సరే. చదువుతున్న మీరు ఒక్క నిమిషం తల వంచండి. తండ్రీ, నీ బిడ్డకు మాట తడబడనీయకు, కోపం రానీయకు, వెనక్కి తగ్గనీయకు. అడవి ఊళ్లలో ఈ రాత్రి పనిమీదున్న నర్సులను కాపాడు. నాతో కలిసి ఆమేన్ అనండి.