పోతనాళ ఆదివారాలు

మా ఆయన తాగుడు మానాలంటే తాగి మానినవాళ్ల నడుమ కూర్చోబెట్టాలని రాయచూరు డాక్టరు చెప్పాడు. "మాత్రలతోని కొన్నాళ్లు ఆగుతడమ్మా. తర్వాత ఆగాలంటే అసుంటోళ్ల మాటే వినాలె" అన్నాడు. శక్తినగర్ థర్మల్ కరెంటు కేంద్రంలో కొత్త యూనిట్ కడుతున్న రోజులవి. ఆయన బాయిలర్ విభాగంలో టెక్నీషియన్.

మొదట మా కాలనీ క్లబ్బులో తాగుడు మానినవాళ్లు పెట్టుకునే సమావేశానికే తీసుకెళ్లాను. క్వార్టర్సుకు దగ్గర కావడమే దాని తప్పు. గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఒకదాంట్లో ఆయన పై ఆఫీసరే కూర్చుని ఉన్నాడు. ఇక్కడి మాట ఈ గది దాటదని అందరూ ఒప్పుకున్నాక, మా ఆయన లేచి, మత్తులో బాత్రూమనుకుని బీరువా తెరిచి నా పెళ్లిచీర మీద మూత్రం పోసిన సంగతి చెప్పుకున్నాడు. మర్నాడు ఇద్దరం రాయచూరు పోదామని కంపెనీ బస్సెక్కాం. వెనక సీట్లోంచి ఎవరో, "ఏమన్నా, బీరువకు తాళమేసి వచ్చినవా?" అని అడిగారు. బస్సంతా నవ్వింది. ఆడవాళ్లు నా చీర వంక చూశారు.

ఆ సాయంత్రం ఆయన తాగి వచ్చాడు. "నన్ను ఆడికి తీస్కపోయింది నువ్వే గద" అని నా చేతిని తలుపు సందులో పెట్టి తలుపు నెట్టాడు. రెండు వేళ్లు విరిగాయి. గాలికి తలుపు కొట్టుకుందని డాక్టరుకు చెప్పాను. మా పాప అప్పటికింకా బడికి పోవడం లేదు.

తర్వాత రాయచూరులో ఒక పెద్దమనిషి నడిపే చోటికి వెళ్లాం. అక్కడ భార్యలను వేదిక మీద కూర్చోబెట్టి భర్తలతో కాళ్లు కడిగించేవాడు. మా ఆయన నా కాళ్లు కడిగాడు, జనం చప్పట్లు కొట్టారు. ఆ తడి చేతులతోనే ఆయన దారిలో సారా దుకాణంలోకి దూరాడు.

పోతనాళ అనే ఊరి సంగతి చెప్పింది డాక్టరు దగ్గర కలిసిన ఒక రైతు. ఆంధ్రా నుంచి వచ్చి అక్కడ కాలువ కింద వరి వేసేవాడు. "ఆదివారం ఆదివారం మిల్లు గోదాములో కూర్చుంటామమ్మా. తాగుడు మానినవాళ్లం పది మందిమి ఉంటాం. మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఒక్కరూ ఉండరు" అన్నాడు.

రెండు బస్సులు మారాలి. ఆయన్ని లోపలికి పంపి నేను వసారాలో ఆడవాళ్లతో కూర్చునేదాన్ని. తలుపు వేసి ఉండేది. మొదటి వారమే ఆయన తాగకుండా ఇల్లు చేరాడు. రెండో వారం కూడా. నెల దాటాక నేను దేవుళ్లకు మొక్కడం మానేసి పోతనాళకే మొక్కాను.

ఒక ఆదివారం ఆ రైతు భార్య నాకు మజ్జిగ ఇస్తూ, "మీ తమ్ముడి మాటలు విన్నప్పట్నించీ మావారికి అన్నం సయించట్లేదండీ. పాపం, అంత చిన్న వయసులో మీ మరదలు పోవడం. పిల్లని మీరే సాకుతున్నారట కదా" అంది.

ఎవరినో అనుకుని నన్ను అడుగుతోందనుకున్నాను. తర్వాత అర్థమైంది.

"ఎట్ల పోయిందని చెప్పిండు?"

"కాన్పులోనట కదండీ. మీకు తెలీదా?"

"తెలుసు. ఎట్ల చెప్పిండో అని అడిగిన."

తిరుగు బస్సులో ఆయన్ని అడిగాను. "నన్నెందుకు సంపినవ్?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "నువ్వు బతికున్నవంటే, మరి ఎందుకు తాగుతున్నవని అడుగుతరు. జవాబేంది నా దగ్గర? గిట్ల చెప్తే ఎవరూ అడుగుతలేరు. ఏడ్వనిస్తున్నరు."

"నిజం చెప్పి సూడు."

"చెప్తే మళ్ల తాగుత."

బెదిరింపులా అనలేదు. ఆకలవుతోందని చెప్పినట్టు చెప్పాడు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. వారం వారం అక్కనై వెళ్లాను. తల్లి లేని పిల్లకని వాళ్లు సున్నుండలు కట్టి ఇచ్చేవారు. పాప ఇష్టంగా తినేది.

ఆయన మానేసి ఏడాది నిండిన రోజు మమ్మల్నీ లోపలికి పిలిచారు. ఆయన మెడలో దండ వేశారు. ఒక దీపం పెట్టి, చనిపోయిన ఇల్లాలి పేరున నన్ను వెలిగించమన్నారు. వెలిగించాను. "ఆ తల్లి గురించి నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నాడు రైతు.

నేను చెప్పాను. "మంచి పిల్లనే. వంట కొంచెం ఆలస్యమైతే తన్నులు తినేది. ఒకపారి ఈయన ఆమె చెయ్యి తలుపు సందుల పెట్టి వేళ్లు విరగ్గొట్టిండు. గాలికి తగిలిందని చెప్పి కట్టు కట్టించుకుంది. సచ్చిపోయిందాక ఎవరికీ చెప్పలే."

మగవాళ్లు ఏడ్చారు. ఆయన అందరికంటే గట్టిగా ఏడ్చాడు. పక్కనున్నతను ఆయన్ని కావలించుకుని, "ఇంతటి బరువు మోశావా తమ్ముడూ" అని ఓదార్చాడు. వంకరగా అతుక్కున్న నా వేళ్లు దీపం పక్కనే ఉన్నాయి. ఒక్కరూ చూడలేదు. ఓదార్పంతా ఆయనకే పోయింది.

బస్సులో ఆయన తేలిగ్గా ఉన్నాడు. "బాగ చెప్పినవ్" అన్నాడు. అది వెక్కిరింపు కాదు.

ఆయన మళ్లీ తాగలేదు, కొట్టలేదు. ఆ మేలు నేను కాదనను. కానీ పోతనాళలో పోయినావిడ గురించి గంటలు గంటలు మాట్లాడిన మనిషి ఇంట్లో నాతో ఉప్పు, కారం, కరెంటు బిల్లు దాటి మాట్లాడింది లేదు. ఆయన ప్రేమంతా ఆమెకే. ఆమె మీద నాకు అసూయ ఉండేది, ఇప్పటికీ ఉంది.

రిటైరయ్యాక రాయచూరులో ఇల్లు తీసుకున్నాం. ఒకరోజు ఆ రైతు మనవరాలి పెళ్లి పిలుపుకు వచ్చాడు. మా అమ్మాయి లోపలినుంచి టీ తెచ్చింది. రైతు అమ్మాయిని ఎగాదిగా చూసి, "తల్లి పోలికేనా?" అని మా ఆయన్ని అడిగాడు.

మా ఆయన నా వంక చూశాడు. పెళ్లయిన కొత్తలో తప్ప ఆయన అంత భయంగా నన్ను చూసింది లేదు.

"అవును, తల్లి పోలికే" అన్నాను నేనే. అమ్మాయి నవ్వి, టీ ఇచ్చి, లోపలికి వెళ్లిపోయింది.