ఆయిల్ వేడెక్కేదాకా

నోవై అనే ఊళ్లో నా ఉద్యోగం, గడ్డకట్టే చలిలో కార్లు స్టార్ట్ అవుతాయో లేదో చూడడం. బటన్ నొక్కగానే లేచి కూర్చునే ఇంజిన్లతో పన్నెండేళ్లు గడిపినదాన్ని కదా, కాస్త పొగరు. అందుకే డిసెంబర్‌లో పైలట్ లైసెన్స్ పరీక్ష రోజున, మా ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ల రెండు సీట్ల బుల్లి విమానాన్ని ముందుగా వేడి చెయ్యకుండానే తాళం తిప్పాను. అది మూలిగింది, బ్యాటరీ చచ్చింది, నా పరువు గంగలో కలిసింది.

నోటి పరీక్ష అప్పటికే గట్టెక్కింది కాబట్టి ఎగిరి చూపించడం ఒక్కటే మిగిలింది. దానికి జనవరిలో ఇంకో తేదీ ఇచ్చారు. అదీ పోతే నోటి పరీక్షతో సహా అన్నీ మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి.

ఆ రోజు పొద్దున్నే నేనూ మా ఆయనా క్లబ్బుకి వెళ్లాం. గ్యాస్ హీటర్ ఓ పట్టాన వెలగలేదు. ఎట్టకేలకు వెలిగాక దాని గొట్టం ఇంజిన్ మూతలోకి దూర్చి, వేడి పోకుండా పైన మా పులిబొమ్మ రగ్గు కప్పాం. ఇండియా నుంచి వస్తూ సూట్‌కేసులో సగం చోటు తినేసిన రగ్గు అది. తొమ్మిదికి పరీక్షాధికారి వచ్చాడు. పెద్దాయన. పదింటిదాకా చూసి వెళ్లిపోతానన్నాడు.

తొమ్మిదిన్నరకి సిలిండర్ల మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

"వేడెక్కిందిగా! స్టార్ట్ చెయ్యవే. ఆయన వెళ్లిపోతే ఎగ్జామ్ మొత్తం మళ్లీ మొదటికి!" అన్నాడు మా ఆయన.

ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాను. ఆయిల్ చిక్కగా అంటుకుంది, చుక్క జారలేదు. అది పారకపోతే లోపలి భాగాలు పొడిగా రాసుకుని అరిగిపోతాయి.

"కుదరదు. నోరు మూసుకుని రగ్గు పట్టుకో!"

పెద్దాయన గడియారం చూసుకున్నాడు.  అయినా నేను తాళం ముట్టుకోలేదు.

పదికి నాలుగు నిమిషాలుందనగా పుల్ల చివర నుంచి ఆయిల్ బొట్లుబొట్లుగా కారింది. రగ్గు లాగేసి, నేనూ పెద్దాయనా ఎక్కాం, తాళం తిప్పాను. ముక్కు మీది పంకా రెండు చుట్లు తిరిగిందో లేదో, ఇంజిన్ అందుకుంది! ఆయిల్ ప్రెషర్ సూది టక్కున పచ్చగీత మీదికొచ్చింది. "అద్దీ!" అని అరిచాను, పెద్దాయన పక్కనున్నాడని కూడా చూడకుండా.

ఎగిరాం, దిగాం. ఆయన చెయ్యి కలిపాడు. తొమ్మిదిన్నరకే తాళం తిప్పి ఉంటే అక్కడే ఫెయిల్ చేసేవాణ్ణన్నాడు.

మా ఆయన రగ్గు చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "పాసయ్యావా?"

"పాసయ్యాను! ఇక మనుషుల్ని ఎక్కించుకోవచ్చు."

"ఇప్పుడా? నన్నా?"

"నిన్నే. ఇంజిన్ చల్లారకముందే ఎక్కు."