పిల్లిని ఇచ్చిన ఇల్లు

కుక్కతో కలిసి బతకగల పిల్లి జాతి ఏదని వెతకడం మొదలుపెట్టినప్పుడు, ఆ వెతుకులాటలో ఎవరో నా గోత్రం అడుగుతారని నేను ఊహించలేదు. అడిగారు. నేను జవాబు చెప్పాను. ఆ దెబ్బనుంచి ఇంకా తేరుకోలేదు.

మా ఇంట్లో రెండు కుక్కలుండేవి. నాచారం పారిశ్రామికవాడలో నేను పనిచేసిన ఫ్యాక్టరీ గేటు పక్కన, పాత డ్రమ్ముల వెనక పుట్టిన అన్నదమ్ములు. వాటి తల్లి లారీ కింద పడి చచ్చిపోతే నేనూ నా భార్యా అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాం. ఒకే గిన్నెలో తిని, ఒకే గోనెపట్టా మీద పడుకుని ముసలివయ్యాయి. మొన్న ఎండలు ముదరకముందే ఒకటి పోయింది. రెండోది తిండి మానేసింది.

వేళకు గిన్నె దగ్గరికి వచ్చేది. పక్కకు చూసేది. తోడు రాకపోయేసరికి వెనక్కి వెళ్లి తలుపు దగ్గర పడుకునేది. నా భార్య చికెన్ ఉడికించి, ఎముకలు తీసి, వేళ్లతో నోటి దగ్గర పెట్టేది. వాసన కూడా చూసేది కాదు. నాచారంలో పశువుల డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, జబ్బేమీ లేదనీ, తోడు పోయిన బెంగ అనీ, ఇలాగే సాగితే సెలైన్లతో ఎక్కువకాలం నిలబెట్టలేననీ చెప్పింది. ఇంకో కుక్కను తెద్దామంటే మావాడికి వేరే కుక్కలు పడవు. గేటు ముందు ఏ కుక్క ఆగినా కమ్మీలు కొరికేవాడు. పిల్లులు మాత్రం ప్రహరీ మీద తీరిగ్గా నడిచిపోతున్నా తల ఎత్తేవాడు కాదు. ఆ మాట చెబితే డాక్టరమ్మ, అయితే కుక్కతో కలిసే పిల్లిని చూడండి అంది.

ఏ పనినైనా వాదంగా మార్చుకోకుండా చేయడం నాకు చేతకాదు. కోస్తాలో మా ఊరి గ్రంథాలయం అరుగు మీద సంస్కరణ సభలు జరుగుతుంటే పెరిగినవాణ్ని. ఎదుటివాడి పక్షాన్ని వాడికన్నా బాగా చెప్పగలిగాకే ఖండించాలని అక్కడ నేర్పారు. ఆ పద్ధతిలోనే ఫోన్లో పిల్లి జాతులన్నీ చదివాను. రాగ్‌డాల్ మెత్తనిదట, ఎత్తుకుంటే గుడ్డబొమ్మలా వాలిపోతుందట. మెయిన్ కూన్ పెద్ద ఒళ్లుది, కుక్కకు బెదరదు, మనిషి వెంట తానూ కుక్కలాగే తిరుగుతుంది. పర్షియన్ నెమ్మది. పరుగెత్తదు గనక కుక్క తరమదు, కానీ రోజూ దువ్వాలి. బెంగాల్ కాలు నిలవనిది, ముసలి కుక్కకు కునుకు ఉండనివ్వదు.

చదువుతున్నంతసేపూ ఒళ్లు మండింది. గుణం రక్తంలో ఉంటుందని చెప్పే ప్రతి వాక్యాన్నీ జీవితమంతా వేదికల మీద చీల్చి చెండాడినవాణ్ని. మనుషుల సంగతి వేరు, పిల్లుల సంగతి వేరు. మనిషి పనిగట్టుకుని తరతరాలు జతలు కలిపితే జంతువుల స్వభావం కొంత మారుతుంది, అది నేను కాదనను. కాదనకపోయినా, పేజీ పేజీకీ శుద్ధ రక్తం, మేలైన వంశం అని కనిపిస్తుంటే ఫోన్ విసిరికొట్టాలనిపించేది.

నా భార్య వెనకనుంచి తొంగిచూసి, "పిల్లి కోసం సూస్తున్నవా, పిల్లితోని లొల్లి పెట్టుకున్నవా?" అంది.

ఆమెది భువనగిరి దగ్గర పల్లె. ఉప్పల్లో ఒక బడిలో లెక్కల టీచరు. మాది దండలు మార్చుకున్న పెళ్లి. పురోహితుడు లేడు, నావైపు వాళ్లు ఒక్కరూ రాలేదు. నా పేరు చివరి కులం ముక్కను నేను అంతకుముందే తీసేసుకున్నాను. ఆ కులం పేరు ఆమెకు తెలుసుగానీ, మా కాపురంలో ఆ మాట ఎన్నడూ ఆమె నోట రాలేదు. నా నోటా రాలేదు.

ముందు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్లాం. దుకాణం అతను పంజరంలో తెల్లటి పిల్లిపిల్లను చూపించి, "కుక్కతోని కలవాల్నంటే పర్షియన్ తీస్కో అన్నా. మస్తు షరీఫ్ జాతి, లొల్లి జెయ్యదు. దీని తండ్రి ఫారిన్ నుంచి వచ్చిండు" అన్నాడు. ఇది ఎప్పుడైనా కుక్కను చూసిందా అని అడిగాను. పుట్టిందే పంజరంలో, కుక్కను ఎక్కడ చూస్తుందని నవ్వాడు. నేను వచ్చేశాను.

ఈ సంగతి చెబితే డాక్టరమ్మ నేను అనుకున్నదే అంది. జాతి కొంతవరకే పనికొస్తుంది, కళ్లు తెరిచిన కొద్ది వారాల్లో కుక్క పక్కన పెరిగిన పిల్లిపిల్ల ఏ జాతిదైనా కుక్కతో కలుస్తుంది, అలాంటి ఇల్లు ఉప్పల్లో ఒకటుంది, తన పేరు చెప్పి వెళ్లమంది. నాకు సభలో గెలిచినంత సంబరమైంది. పుట్టుక కాదు, పెంపకం. నడుస్తూ నా భార్యకు అదే పదిసార్లు చెప్పాను.

ఆ ఇంటాయన మా కోస్తా వైపు మనిషి. గుమాస్తాగా పనిచేసి రిటైరయి, భార్యతో అక్కడే స్థిరపడ్డాడు. పిల్లులున్న గది వాళ్ల అమ్మాయిదట. గోడ మీద ఆ అమ్మాయి పెళ్లి ఫోటో, దాని కింద మంచం, మంచం మీద తెల్ల పర్షియన్ తల్లి. నేల మీద బొచ్చు ఊడిన ముసలి పొమెరేనియన్ పడుకుని ఉంటే, పిల్లిపిల్లలు దాని తోక నములుతున్నాయి. అది కళ్లు కూడా తెరవడం లేదు. అందులో బూడిదరంగు మచ్చల పిల్ల ఒకటి కుక్క పొట్టకు ఆనుకుని నిద్రపోతోంది. నా భార్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

తండ్రి ఏ జాతి అని అడిగాను. ఇంటాయన కాస్త సిగ్గుపడి, ప్రహరీ దూకి వచ్చిన వీధిపిల్లి ఏదో అయ్యుంటుందని చెప్పాడు.

కాఫీలయ్యాక ఆయన గొంతు సవరించుకుని, "ఇంతకీ మీరెవరండీ?" అన్నాడు. పనిచేసిన ఫ్యాక్టరీ, ఉంటున్న వీధి చెప్పాను. "అది కాదండీ. మీరు... ఎవరు?" అన్నాడు మళ్లీ. తమ పిల్లులు పెరుగన్నంతో పెరిగాయనీ, నీచు తినే ఇళ్లకు పంపడం తమకు ఇష్టం ఉండదనీ, మనవాళ్లయితే నిశ్చింతగా ఇస్తామనీ వివరించాడు. ఎంతో మర్యాదగా చెప్పాడు.

తండ్రి ఎవరో తెలియని పిల్లిపిల్ల. దాన్ని తీసుకెళ్లేవాడి పుట్టుక మాత్రం తేలాలి. నా జవాబు మనసులో సిద్ధమవుతోంది. ఆయన పక్షాన్ని ముందు చక్కగా చెప్పి, తర్వాత దాన్ని ముక్కముక్కగా కూల్చేద్దామని నోరు తెరవబోతున్నాను.

"మా ఆయన మీవాళ్లేనండి" అంది నా భార్య. అని, కులం పేరు చెప్పింది.

చెంప మీద కొట్టినట్టయింది. ఇంటాయన మొహం విప్పారింది. "గోత్రం?" అన్నాడు నా భార్యతోనే.

అది ఆమెకు తెలియదు. ఆమె నావైపు తిరిగింది. ఆ చూపులో బతిమాలడం లేదు, క్షమాపణ లేదు. పొద్దున వేళ్ల మధ్య చల్లారిపోయిన చికెన్ ముక్క ఉంది. నేను గోత్రం చెప్పాను.

మనసు తవ్వి తీయాల్సి వచ్చినా నాకు కొంత ఊరటగా ఉండేది. ఎన్నేళ్లుగానో పలకని మాట, అది ఎప్పుడో చచ్చిపోయిందని అనుకున్నాను. అడగ్గానే, సొంత ఫోన్ నంబరు చెప్పినంత తేలిగ్గా వచ్చేసింది. నా గొంతును నేనే పరాయివాడి గొంతులా విన్నాను.

ఇంటావిడ లోపలికి వెళ్లి పసుపు, కుంకుమ, రవికెగుడ్డ తెచ్చి నా భార్య చేతిలో పెట్టింది. పిల్లిపిల్లను ఒడిలో పెట్టి, ఆకలికి తట్టుకోలేదు, కోప్పడకండి, అని చెప్పింది. కూతుర్ని అత్తవారింటికి పంపుతున్నట్టు వీధి గుమ్మందాకా వచ్చింది.

ఆటోలో నాచారం వైపు వస్తూ, ఆ మాట ఎలా అనగలిగావని అడిగాను.

"అబద్ధం జెప్పిన్నా?"

నిజం కావడమే ఘోరం అన్నాను.

"ఓ, మస్తు ఘోరం. కులం నేను జెప్పిన. గోత్రం జెప్పినోడు ఎవరయ్యా?" అంది ఆమె, బుట్ట మూత సర్దుతూ.

నేను బుట్ట తీసుకుని నా ఒడిలో పెట్టుకున్నాను.

డాక్టరమ్మ చెప్పినట్టే చేశాం. పిల్లిని వేరే గదిలో ఉంచి, దాని పాత గుడ్డను కుక్క గోనెపట్టా మీద, కుక్క గుడ్డను పిల్లి బుట్టలో వేశాం. కొద్దిరోజులు తలుపు సందులోంచే చూసుకోవాలని ఆమె చెప్పింది. పిల్లికి అంత ఓపిక లేదు. మర్నాడు పొద్దున తలుపు తీసిన క్షణంలో నా కాళ్ల మధ్యనుంచి జారుకుని నేరుగా కుక్క గిన్నె దగ్గరికి పరుగెత్తింది. పెరుగన్నంతో పెరిగిన ఆ జీవి ముందుకాళ్లు గిన్నెలో పెట్టి, గుర్రుమంటూ చికెన్ తినసాగింది.

తలుపు దగ్గర పడుకున్న కుక్క తల ఎత్తింది. లేచింది. ఊగుతూ వచ్చి, పిల్లిని ముక్కుతో కొంచెం పక్కకు నెట్టి, తన వాటా తను తినడం మొదలుపెట్టింది. నా భార్య వంటింటి గడప మీద కూలబడి కొంగుతో మొహం కప్పుకుంది.

అప్పటినుంచి అదే లెక్క. పిల్లి తింటేనే కుక్క తింటుంది. పిల్లికి మాంసం లేకపోతే గుండె, కంటిచూపు దెబ్బతింటాయనీ, వాటిని ఇప్పుడు విడదీయవద్దనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఉప్పల్ నుంచి ఇంటావిడ ఫోన్ చేసి, తింటోందా అని అడిగేది. "మంచిగ తింటున్నదమ్మా" అనేది నా భార్య. ఏమి తింటోందో ఆవిడ అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఒక ఆదివారం వాళ్లిద్దరూ చెప్పకుండా వచ్చారు. లాలాపేట్‌లో చుట్టాలింటికి వచ్చి, దారేగదా అని ఇటు తిరిగారట. చేతిలో చిన్న స్టీలు డబ్బా, అందులో పెరుగన్నం. నేను తలుపు తీసేసరికి రెండూ గిన్నె దగ్గరే ఉన్నాయి. పిల్లి మూతికి చికెన్ పీచు వేలాడుతోంది.

ఆయన ఆ పీచుకేసి చూశాడు. నేను ఈసారి ఎవరికీ అవకాశం ఇవ్వలేదు. నేను పుట్టిన కులం మీరు విన్నదే, కానీ అది నాకు లేదు, గోత్రం చెప్పడం నా తప్పు, ఈ ఇంట్లో అన్ని మాంసాలూ వండుతాం, పిల్లికి అది ఆహారం, అది వచ్చాకే ఈ కుక్క బతికింది, విడదీస్తే మళ్లీ తిండి మాని పడుకుంటుంది, ఇదీ సంగతి అన్నాను. వేదిక మీది గొంతు కాదు. నాకే వినపడనంత చిన్నగా వచ్చింది.

"మనవాళ్లని నమ్మి ఇచ్చాం" అన్నాడాయన. మొహంలో కోపంకన్నా నొప్పి ఎక్కువ ఉంది. బుట్ట ఎక్కడుందని అడిగాడు. వంగి పిల్లిని రెండు చేతులతో ఎత్తాడు. కుక్క తినడం ఆపేసి, తల ఎత్తి ఆయన చేతులకేసి చూసింది. అరవలేదు. గిన్నెనుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. నా భార్య గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

అప్పటిదాకా డబ్బా పట్టుకుని నిలబడిన ఇంటావిడ, భర్తవైపు చూడకుండానే అంది:

"ఒకసారి పంపించాక వెనక్కి తెచ్చుకోకూడదని మీరే కదండీ అన్నారు. పిల్లికైతే వేరే పద్ధతా?"

ఉప్పల్లో గోడ మీది పెళ్లి ఫోటో, దాని కింద పిల్లికి వదిలేసిన అమ్మాయి మంచం నాకు అప్పుడు అర్థమయ్యాయి. నాకు తెలిసిన సభల్లో ఎవరూ ఒక వాదాన్ని అంత తక్కువ మాటల్లో ముగించలేదు. ఆయన తల కిందికి వాలింది. పిల్లిని దించి, చెప్పులు వేసుకుని, రోడ్డు మీదికి వెళ్లి ఆటో కోసం నిలబడ్డాడు.

పంపేసిన కూతురు తిరిగి రాకూడదనే మాటకు వ్యతిరేకంగా నేను ఎన్ని వ్యాసాలు రాశానో నాకే గుర్తులేదు. మా కుక్క ప్రాణం ఆ మాటే కాపాడింది. ఈ వాక్యం రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి ఒప్పుకోవడం లేదు.

నా భార్య గేటుదాకా ఆవిడ వెంట వెళ్లింది. నేను వెనకే నిలబడి విన్నాను.

"మీ బిడ్డ ఏడుంటదమ్మా?"

"మల్కాజిగిరి" అందావిడ.

సముద్రాల అవతలి ఊరి పేరేదో చెబుతుందని ఎదురుచూసినవాణ్ని. మల్కాజిగిరికి మేము కూరగాయలకు వెళ్తాం.

నా భార్య ఆమె చేతిలోని పెరుగన్నం డబ్బా తీసుకుంది. "ఆదివారం ఆదివారం రాండ్రి, పిల్లిని సూడనీకి. డబ్బా అప్పుడిస్త. బిడ్డను గూడ నేరుగ ఈడికే రమ్మనుండ్రి" అంది.

ఆవిడ డబ్బాను వెనక్కి అడగకుండానే ఆటో ఎక్కింది. ఆటో కదిలింది. లోపల పిల్లి అప్పటికే గిన్నెలోకి తిరిగి దిగింది. కుక్క దాన్ని ముక్కుతో పక్కకు నెడుతోంది.